రెండు పొయ్యిల ఇల్లు

తాడు ఒక కొన తొట్లెకు కట్టి ఉంది, ఇంకో కొన నా కాలి బొటనవేలికి. వేలు కదిలితే తొట్లె ఊగుతుంది, తొట్లె ఊగినంతసేపు అంకిత పడుకుంటుంది, అంకిత పడుకున్నంతసేపే ఈ ల్యాప్‌టాప్ నాది. మూడు దాటి ఐదు నిమిషాలు. నాలుగింటికల్లా పంపాలి. తెర మీద మళ్లీ అవే ఎర్ర అక్షరాలు, పొద్దుటి నుంచి ఇది పదకొండోసారి, నో మాడ్యూల్ నేమ్డ్ పాండాస్. పాండాస్ అనేది నా దగ్గర లేదు అంటోంది. లేకపోవడమేమిటి, నిన్న మధ్యాహ్నం ఇదే గోడకు ఆనుకొని, ఇదే తాడు వేలికి కట్టుకొని, ఫోన్‌లో ఆ రోజుకున్న నెట్ అంతా ధారపోసి తెచ్చి పెట్టాను కదా. తెచ్చానని అదే చెప్పింది. తెచ్చానన్నదీ అదే, లేదన్నదీ అదే. రోడ్డు మీద చెరుకు లారీ పోతోంది, మహారాష్ట్ర దిక్కు పోయేదేమో, మరాఠీ పాట పెట్టుకున్నాడు, ఇంటి రేకులు అదిరాయి, తొట్లెలో అంకిత చెయ్యి ఒకటి పైకి లేచి మళ్లీ పడింది. లేవకు తల్లీ. ఇంకొక్క గంట.

వినీత మేడమ్ మొదటి పాఠంలోనే చెప్పింది, అన్నీ మనమే రాసుకోనక్కర లేదమ్మా, మనకంటే ముందు ఎవరెవరో రాసిపెట్టిన పనిముట్లు ఉంటాయి, వాటిని లైబ్రరీ అంటారు, కోడ్‌కు పైన ఇంపోర్ట్ అని ఒక్క వరుస రాసి పేరు పెట్టి పిలిస్తే వచ్చి మన పని చేసిపెడతాయి అని. పట్టికలు చదివిపెట్టేది పాండాస్. పిలిస్తే వస్తాయి అన్న ఆ మాట నాకు ఎంత నచ్చిందో. నా జన్మలో నేను పిలిస్తే వచ్చినవి కోళ్లు తప్ప ఏమున్నాయి. మేడమ్ నిజామాబాద్‌లో ఆడవాళ్లకు కంప్యూటర్ నేర్పే కేంద్రంలో ఉంటుంది, మూడు నెలలుగా ఫోన్‌లోనే పాఠాలు. ముప్పై మందిమి మిగిలాం. అందులో పరీక్ష ముందుగా, సరిగ్గా చేసి పంపిన పన్నెండు మందికే రెండో విడత. రెండో విడతకు నిజామాబాద్ పోయి కూర్చోవాలి, పిల్లతల్లులకు అక్కడే పక్కన ఒక గది ఉందట, పిల్లలను ఆ గదిలో పెట్టుకోవచ్చట, అది విన్నరోజు ఆ మాట మళ్లీ చెప్పమని మేడమ్‌ను రెండుసార్లు అడిగాను. దాని తర్వాత పని చూపిస్తారు, ఇంట్లో కూర్చొని చేసే పని. పరీక్ష చిన్నదే. మీ చుట్టుపక్కల నుంచి మీదే ఒక పట్టిక తీసుకోండి, దాన్ని ప్రోగ్రాం చదవాలి, చదివి ఒక బొమ్మ గీయాలి, ఈ రోజు నాలుగు గంటలకల్లా నాకు చేరాలి, నాలుగు దాటిన తర్వాత వచ్చింది నేను తెరవను, అంది. మేడమ్ మెత్తగా మాట్లాడుతుంది గాని గంట విషయంలో మెత్తన కాదు.

తొట్లె ఆగింది. నేనే వేలు ఆపానా. చప్పుడు లేదు. నాకు చప్పుడు లేకపోవడమంటే భయం, పిల్ల ఏడిస్తే భయం లేదు, ఏడవకపోతేనే భయం. తాడు విప్పకుండానే ముందుకు వంగి ముక్కు కింద వేలు పెట్టి చూశాను, వెచ్చగా తగిలింది గాలి. పుట్టినప్పుడు కిలో తొమ్మిది వందలు. నిజామాబాద్ దవాఖానాలో పదకొండు రోజులు అద్దాల పెట్టెలో ఉంది, నేను బయట నిలబడి అద్దం మీద చెయ్యి పెట్టి దాని పొట్ట ఎగురుతోందా లేదా అని చూస్తుండేదాన్ని, కన్ను ఆర్పితే ఆగిపోతుందేమోనని. అప్పుడు అలవాటైన వేలు ఇది. రోజుకు ఎన్నిసార్లు పెడతానో లెక్క లేదు. నెలకొకసారి అంగన్‌వాడీకి తీసుకుపోతాను, రుక్మాబాయి టీచర్ దూలానికి వేలాడే కాంటాలో కూర్చోబెడుతుంది, ముల్లు ఊగి ఊగి నిలబడేలోపల నా పానం ఊగుతుంది. "జరంత తక్కువనే ఉంది బాయీ," అంటుంది, ప్రతి నెలా అదే మాట, ఆమె తప్పేమీ లేదు, కార్డు మీద పచ్చ పట్టీకి కింద పసుపు పట్టీలో చుక్క పెడుతుంది, పెట్టి నా చెయ్యి నొక్కుతుంది. పద్నాలుగు చుక్కలు. పద్నాలుగుసార్లు తక్కువనే ఉంది. నా పట్టిక ఏదో వెతుక్కోనక్కర లేకపోయింది, అదే నా పట్టిక. ఒక వరుస నెల, ఒక వరుస బరువు. ఎక్సెల్‌లో కొట్టేటప్పుడు ఒక్కో అంకె దగ్గర ఆ నెల అంతా గుర్తొచ్చింది, తొమ్మిదో నెల ఆరు కిలోలు, పదో నెల మళ్లీ ఆరే, అది జ్వరం వచ్చిన నెల.

మూడుంపావు. నల్ల తెర తెరిచి మళ్లీ కొట్టాను, పిప్ ఇన్‌స్టాల్ పాండాస్. పిప్ అంటే అంగడికి పోయి మనం చెప్పింది తెచ్చిపెట్టేది. అది పోలేదు. ఉన్నచోటు నుంచే జవాబు చెప్పింది, రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ శాటిస్‌ఫైడ్. అడిగింది ముందే ఉంది. ఉంటే ఏదీ, ప్రోగ్రాం నొక్కితే మళ్లీ ఎర్రగా లేదు లేదు. గ్రూపులో పెట్టాను, మేడమ్ నాకు ఇట్లా వస్తోంది అని. నందిపేట్ నుంచి ఒకామె, నాకు రన్ అయింది అక్కా, అని పెట్టి పక్కన నవ్వు మొహం. మేడమ్ ఇంకెవరి గోడులోనో ఉన్నట్టుంది, ఇన్‌స్టాల్ చేశావా అమ్మా, మళ్లీ ఒకసారి చెయ్యి, అంది. చేశాను. ముందే ఉంది అంది. ఇది నాకు ఎక్కడో తెలిసిన బాధే అనిపించింది, ఎక్కడో అర్థం కాలేదు. ఇంటర్ రెండో ఏడు హాల్‌టికెట్ వచ్చిన వారంలోనే నాకు లగ్నం పెట్టారు, ఏర్గట్లలో మా బాపు పసుపు తవ్వకాలు మొదలుకాకముందే కావాలన్నాడు, తవ్వకం మొదలైతే మనుషులు దొరకరు. హాల్‌టికెట్ బియ్యం డబ్బా మీద పెట్టి ఉండేది, దాని మీద నా ఫొటో, రెండు జడలు. మొదటి పరీక్ష రోజు పొద్దున ఈ ఇంట్లో నేను పెసరట్లు పోస్తున్నాను. గడియారం తొమ్మిది కొట్టింది, ఇప్పుడు పేపర్ ఇస్తారు అనుకున్నాను, అట్టు మాడింది, పన్నెండు కొట్టింది, ఇప్పుడు వాళ్లు బయటకొచ్చి జవాబులు సరిచూసుకుంటారు అనుకున్నాను. ఎవరినీ ఏమనలేదు. ఎవరూ బలవంతం చేయలేదు కూడా, అడిగితే ఆగేవాళ్లేమో, అడగలేదు. ఇప్పుడు కూడా గడియారం వైపు చూస్తూ కూర్చుంటానా. నాలుగు కొడుతుంది, ఇప్పుడు వాళ్లవి తెరిచి చూస్తోంది అనుకుంటానా. తాడు లాగాను. తొట్లె కిర్రుమంది.

అప్పుడే చెప్పుల చప్పుడు, మా అత్త హన్మవ్వ దుకాణం నుంచి వచ్చింది, ఎండలో కొంగు నెత్తిన వేసుకొని. పిల్ల లేస్తే జావలోకి బెల్లం కావాలని నేనే పంపాను. ఆమె మెల్లగా మాట్లాడదు, మెల్లగా మాట్లాడడమంటే ఆమె లెక్కలో చాడీ చెప్పడం. "శిరీషా, బెల్లం తెచ్చిన, వంటింట్ల పెట్టిన సూడు," అని వాకిట్లో మంచం మీద కూలబడింది. సరే, బెల్లం జావలో వేసి పొయ్యి మీద పెట్టి వస్తే పిల్ల లేచినా గోల ఉండదని వేలి నుంచి తాడు తప్పించి వంటింట్లోకి పోయాను. అలమరలో లేదు. గట్టు మీద లేదు. గిన్నెలు జరిపాను.

"యాడ పెట్టినవ్ అత్తా? ఈడ లేదు."

"పెట్టిన అంటున్న గదా! ఇంట్లనే ఉంది. కండ్లు పెట్టి సూడు."

"కండ్లు పెట్టే సూస్తున్న. లేదు."

"లేకుండ యాడికి పోతది, దానికేమన్న కాళ్లున్నయా? తెచ్చిన, పెట్టిన, ఉంది!"

గోడ అవతలి నుంచి మా యారాలు జ్యోతిరాణక్క నవ్వింది, మా బావ భార్య, నవ్వు ముందొచ్చి మాట వెనకొస్తుంది ఆమెకు. "ఓ అత్తా! నీ బెల్లం మా అలమరల ఉంది. మల్ల మా దిక్కే పెట్టినవ్. మొన్న కారప్పొడి, అంతకు ముందు చాపత్త. ఇగ ఈ నెల నేను దుకాణం మొఖం సూసుడే లేదు!"

"నలభై ఏండ్ల సంది గా వంటింట్లకే పోతున్న," అంది అత్త, ఏమాత్రం సిగ్గుపడకుండా. "కాళ్లు గటే పోతయ్. నేనేం జెయ్య?"

పోయిన దసరా తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డారు. కొట్లాట లేదు, ఇల్లు అదే, గడప అదే, నల్లా అదే, కరెంటు మీటర్ అదే. బయట నుంచి చూసినవాళ్లకు ఒకే ఇల్లు. లోపల మాత్రం నడుమ భుజం ఎత్తు గోడ, ఇటు ఒక పొయ్యి అటు ఒక పొయ్యి. పాత వంటిల్లు బావ వాళ్లకు వచ్చింది, మా ఆయనా నేనూ పశువుల కొట్టం పక్క గదికి సున్నం వేసి వంటిల్లు చేసుకున్నాం. అత్త మా దగ్గరే తింటుంది, మాకే తెస్తుంది, తెచ్చింది మాత్రం ఆ వంటింట్లో పెడుతుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. తెచ్చింది, పెట్టింది, ఉంది. నేనూ అబద్ధం చెప్పడం లేదు. నా వంటింట్లో లేదు. ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు, తెచ్చిన మనిషికి ఒక పొయ్యే తెలుసు. తెచ్చిన మనిషికి. గట్టు మీద చెయ్యి అట్లాగే ఆగిపోయింది. ఉంది అంటోంది. లేదు అంటోంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

జావ గిన్నె అక్కడే వదిలేసి ఉరికాను. "బెల్లం తెచ్చుకోవా ఏందే?" అత్త వెనక నుంచి. వస్తున్న అత్తా. నల్ల తెర. రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ శాటిస్‌ఫైడ్, ఇంతవరకే చదువుతున్నాను పొద్దుటి నుంచి, ఆ తర్వాత పొడుగ్గా ఏదో సందు గొందుల దారి రాసి ఉంటుంది, అది మనకు కాదులే అని వదిలేస్తున్నాను. ఇప్పుడు చూపుడు వేలు తెర మీద పెట్టి రైలు బోగీలు లెక్కపెట్టినట్టు చదివాను, సీ, ప్రోగ్రామ్స్, పైథాన్, ముప్పై ఎనిమిది. పైథాన్ ముప్పై ఎనిమిది. నేను ప్రోగ్రాం రాసే కిటికీ తెరిచి మొదటి వరుస చూశాను, పైథాన్ మూడు పాయింట్ పన్నెండు. పన్నెండు! నేను వేసుకున్నది పన్నెండే, మేడమ్ చెబితే, మొదటి వారంలో. ముప్పై ఎనిమిది ఎవరిది? ఈ ల్యాప్‌టాప్ నిజామాబాద్ బస్టాండు దగ్గర పాతవి అమ్మే దుకాణంలో తీసుకున్నాం, మూత మీద ఎవరో గీకేసిన కాలేజీ స్టిక్కర్ ఉండేది, ఎవరో చదువుకున్న పిల్లవాడిదో పిల్లదో. వాళ్ల పొయ్యి ఇంకా లోపలే ఉంది. ముప్పై ఎనిమిది అంటే మూడు పాయింట్ ఎనిమిది, పాత వంటిల్లు. పిప్ పాతకాపు, దాని కాళ్లు అటే పోతాయి. నిన్న తెచ్చింది కూడా అక్కడే పెట్టిందన్నమాట, ఇవాళ అక్కడే చూసి ఉంది అంటోంది. నేను పిచ్చిదాన్ని కాదు. నేను చదువు రానిదాన్ని కాదు. నాకు నవ్వొచ్చింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను, పిల్ల లేస్తుందని.

మూడు ఇరవై ఏడు. సరే, దొరికింది, ఇప్పుడేం చేయాలి. అత్తకైతే ఏం చెబుతాను. బెల్లం తే అంటే కాదు, బెల్లం తెచ్చి శిరీష వంటింట్లో పెట్టు అనాలి. పేరు పెట్టి చెప్పాలి. పేరు పెట్టి. నోటుబుక్కు. ఎక్కడో రాసుకున్నాను, ఒకే మిషన్‌లో రెండు పైథాన్లు ఉంటే ఏది అని చెప్పాలి అని రెండో వారం పాఠంలో మేడమ్ అంటుండగా అంకిత దగ్గి కక్కింది, ఒక చేత్తో తుడుస్తూ ఇంకో చేత్తో గీకాను, అర్థం కాలేదు అప్పుడు. పేజీలు తిప్పాను. ఇదిగో, పక్కన పాల మరక కూడా ఉంది. పై, గీత, మూడు పాయింట్ పన్నెండు, గీత, ఎం, పిప్ ఇన్‌స్టాల్ పాండాస్. ఒక్కో అక్షరం కొట్టాను, గీతకూ గీతకూ నడుమ ఖాళీ చూసుకుంటూ, రెండుసార్లు చదివి, ఎంటర్. ఈసారి అది ముందే ఉంది అనలేదు. కలెక్టింగ్ అంది. పోయింది! అంగడికి పోయింది! సన్నటి గీత ఒకటి కొద్దికొద్దిగా నిండుతోంది, ఫోన్‌ను కిటికీ చువ్వల మధ్య నిలబెట్టాను, అక్కడే నెట్ కాస్త నిలుస్తుంది, బోధన్ దిక్కు మొహం పెడితే. ఈ బ్యాటరీ నిలిచేది కాదు, కరెంటు పోతే అన్నీ పోతాయి, పోవద్దు, ఈ అరగంట పోవద్దు, రాత్రంతా పోయినా నేనేమీ అనను. కాలి వేలు తాడు లేకపోయినా తనంతట తనే కదులుతోంది. ఇంకో లారీ. రేకులు. నిండింది. సక్సెస్‌ఫుల్లీ అంది, నా పేరు పిలిచి స్టేజీ మీదికి రమ్మన్నట్టు.

వెంటనే ప్రోగ్రాం అంతా నొక్కలేదు. కొప్పెరలో పసుపు ఉడికేటప్పుడు మా బాపు అంతా కుమ్మరించి చూడడు, ఒక్క కొమ్ము తీసి పుల్ల గుచ్చుతాడు, పుల్ల మెత్తగా దిగితే కొప్పెర అంతా ఉడికినట్టే. చిన్నప్పుడు ఆ పుల్ల నా చేతికిచ్చేవాడు, నీ చెయ్యి మంచిది బిడ్డా గుచ్చు అని, ఆవిరికి కళ్లలో నీళ్లు, వేళ్లు వారం దాకా పచ్చగా. ఒక్క కొమ్ము చాలు. ఇంపోర్ట్ పాండాస్, ఒక్క వరుస. ఎంటర్. ఏమీ రాలేదు. ఎర్ర అక్షరాలు లేవు, నల్ల అక్షరాలు లేవు, మెరిసే గీత కింది వరుసలోకి దిగి నిలబడింది. ఏమైంది, ఎందుకు ఏమీ అనదు, చెడిపోయిందా, చప్పుడు లేదు, చప్పుడు లేకపోతే నాకు భయం. ఆగు. మేడమ్ అన్నది, పిలిచినప్పుడు వచ్చిందంటే ఏమీ అనదమ్మా, రాకపోతేనే అరుస్తుంది. రాకపోతేనే అరుస్తుంది. అంటే వచ్చింది. నేను పిలిచాను, వచ్చింది. ఏమీ అనకపోవడమే రావడం. పుల్ల మెత్తగా దిగింది.

ఇక మొత్తం నొక్కాను. మళ్లీ ఎరుపు! ఒక్క క్షణం కళ్ల ముందు హాల్‌టికెట్ తిరిగింది. చదువు శిరీషా, సగం చదివి వదిలేయకు. ఇది పాండాస్ లేదనడం లేదు, ఎక్సెల్ పట్టిక విప్పడానికి ఓపెన్‌పైఎక్సెల్ అని ఇంకొకటి కావాలట, అది లేదట. ఓ, అంతేనా. పొద్దున అయితే ఏడ్చేదాన్ని. ఇప్పుడు దీని ఇల్లు నాకు తెలుసు, దీని పొయ్యి తెలుసు. ఇది తెస్తే తర్వాత బొమ్మ గీసేది అడుగుతుంది, అదీ నా వంటింట్లో ఉండదు, మళ్లీ ఒకసారి అరిపించుకోవడం ఎందుకు, ఒకే సంచిలో రెండూ తెప్పిస్తాను. పై, మూడు పాయింట్ పన్నెండు, ఎం, పిప్ ఇన్‌స్టాల్, ఓపెన్‌పైఎక్సెల్, ఖాళీ, మ్యాట్‌ప్లాట్‌లిబ్. నోటుబుక్కు చూడలేదు. మూడు ముప్పై తొమ్మిది. గీత నిండుతోంది, ఆగింది, ఆగింది, ఫోన్‌ను చువ్వల్లో ఇంకో రెండు వేళ్లు పైకి జరిపాను, కదిలింది. మూడు నలభై ఆరు. గ్రూపులో ఏర్గట్ల ఆమెవరో, మా పుట్టింటి ఊరామే, మేడమ్ నాకు నో మాడ్యూల్ వస్తోంది అని ఏడుపు మొహం పెట్టింది. నిండింది. నొక్కాను.

ఏమీ అనలేదు. తెల్ల కిటికీ ఒకటి తెర మధ్యన తెరుచుకుంది, అందులో నీలం గీత. కింద మూల నుంచి, కిలో తొమ్మిది వందల నుంచి, పైకి. పైకి, పైకి, తొమ్మిది నుంచి పది దాకా మాత్రం అడ్డంగా, మెట్టు ఎక్కి ఆయాసానికి ఆగినట్టు, మళ్లీ పైకి, ఏడు కిలోల నూరు గ్రాముల దాకా. పద్నాలుగు చుక్కల్లో ఒక్కటి కూడా వెనక్కి దిగలేదు. ఒక్కటి కూడా. పద్నాలుగుసార్లు తక్కువనే ఉంది అని విన్నానే, పదమూడుసార్లు ఎక్కుతూనే ఉందా ఇది, ఆ జ్వరం నెల కూడా దిగకుండా నిలబడిందా. అద్దాల పెట్టెలో గుప్పెడంత పొట్ట. ఎక్కుతోంది నా బిడ్డ, మీ పట్టీలతో పని లేకుండా తన గీత తాను ఎక్కుతోంది. దీన్ని రుక్మాబాయికి చూపిస్తాను, ముల్లు నిలబడకముందే చూపిస్తాను. ఫైలు, బొమ్మ, మేడమ్‌కు పంపు. తిరిగింది తిరిగింది పోయింది. మూడు యాభై మూడు. మూడు యాభై నాలుగుకు జవాబు. రన్ అయింది శిరీషా. పన్నెండులో తొమ్మిదోదానివి. సోమవారం పిల్లతో సహా వచ్చెయ్యి.

తొమ్మిది. సోమవారం. పిల్లతో సహా. నాలుగు కొట్టడానికి ఇంకా ఆరు నిమిషాలు ఉన్నాయి, నెట్ బాగుంటే ఏర్గట్ల ఆమెకు ఆరు నిమిషాలు చాలు. గ్రూపులో కాదు, నేరుగా పెట్టాను, అక్కా నీది పాత మిషనా, రెండు పైథాన్లు ఉన్నాయేమో పైన అంకె చూడు, చూసి ఇట్లా కొట్టు. కొట్టి పంపాక తెలిసింది, తొట్లె ఎప్పటి నుంచో ఊగడం లేదు. తాడు కింద పడి ఉంది. చప్పుడు లేదు. చెయ్యి అలవాటు కొద్దీ ముందుకు పోయింది, సగంలో ఆగింది. ఏమీ అనడం లేదంటే ఉంది. చెయ్యి వెనక్కి తీసుకొని ఒళ్లో పెట్టుకున్నాను, మొట్టమొదటిసారి. గోడ అవతల జ్యోతిరాణక్క బెల్లం ముక్క గోడ మీద పెట్టిన చప్పుడు.

"ఓ శిరీషా! అప్పటి సంది ఏం దేవులాడుతున్నవే?" వాకిట్లోంచి అత్త. "దొరికిందా లేదా?"

"దొరికింది అత్తా!" అరిచాను, రేకులు అదిరేటట్టు, అంకిత ఉలిక్కిపడి లేచి తొట్లె మొత్తం ఎగిరేటట్టు ఏడుపు మొదలుపెట్టింది, ఏడవనీ, దానికి ఆ గొంతు ఉంది. "దొరికింది!"

"దొరకకుంట యాడికి పోతది," అంది అత్త, కొంగు దులుపుకుంటూ. "ఇంట్లనే ఉందని నేను మొత్తుకుంటనే ఉన్న గదా."